తనకు తానే మునిమనవడు

వంశవృక్షం ప్రోగ్రాముల్లో ఒకదానికీ ఇంకోదానికీ అస్సలు పడదు. అందుకే 1984లో ఎల్‌డీఎస్ చర్చి (అమెరికాలోని మోర్మన్ల చర్చి) వాళ్లు జెడ్‌కామ్ అనే ఫైలు పద్ధతి తెచ్చారు. మీరు ఏ ప్రోగ్రాంలో ఎక్కించుకున్నా సరే, జెడ్‌కామ్‌గా మార్చి పంపితే అవతలి ప్రోగ్రాం చదువుకుంటుంది. చదువుతుంది, కాదనను. అర్థం చేసుకుంటుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు.

మా బాబాయ్ రిటైరయ్యాక పాత ఉత్తరాలూ, ఫోటోల వెనక రాతలూ గాలించి చుట్టాలందరినీ తన కంప్యూటర్లో ఎక్కించాడు. నా దగ్గర ఇంకో ప్రోగ్రాంలో అమ్మ చెప్పగా రాసుకున్న చెట్టు ఒకటుంది. "రెండూ కలిపేద్దాంరా, ఒక్క క్లిక్కు పని" అని బాబాయ్ ఫైలు పంపాడు.

తెరిచాను. మా వంశంలో అందరి పేరూ ప్రశ్నార్థకమే. తాతయ్య '?????', నానమ్మ '??????'. నానమ్మ పేరు కాస్త పొడుగు కాబట్టి పోల్చుకోగలిగాను.

ఆ ఫైలు ఆన్సెల్ అనే పాత అక్షరాల పట్టికలో తయారైంది. అందులో యూరప్ భాషల గుర్తులు బోలెడు ఉన్నాయి గానీ తెలుగుకి చోటు లేదు. తెలుగు సహా అన్ని భాషల అక్షరాలూ పట్టే యూనికోడ్‌ని ఫైల్లో రాసే పద్ధతి యూటీఎఫ్-8. అది వాడొచ్చని చెప్పిన జెడ్‌కామ్ 5.5.1 వెర్షన్ 1999లో ముసాయిదాగా వచ్చింది. అందరూ దాన్నే వాడేస్తున్నా, అసలు ప్రమాణంగా ఒప్పుకునేసరికి 2019 అయింది. బాబాయ్ ప్రోగ్రాం అంతకన్నా ముందు తరానిది. సెట్టింగుల్లో ఎక్కడో మూల యూనికోడ్ అనే గడి కనిపిస్తే టిక్కు పెట్టించి మళ్లీ పంపించుకున్నాను.

ఈసారి మనుషులు వచ్చారు. మొహాలు రాలేదు. జెడ్‌కామ్‌లో మామూలుగా ఫోటో ఉండదు, ఫోటో ఎక్కడుందో చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ చిరునామా బాబాయ్ కంప్యూటర్లో డీ డ్రైవుది.

"నాకు కనిపిస్తున్నాయి కదరా!" అన్నాడు బాబాయ్ ఫోన్లో.

"నీకు కనిపిస్తాయి బాబాయ్. అవి నీ దగ్గరే ఉన్నాయి."

"అదేగా నేనూ అంటున్నది."

తారీఖుల దగ్గర ఇంకో గోల. జెడ్‌కామ్‌కి నెల పేరు ఇంగ్లీషులో మూడక్షరాలు ఉండాలి. సరిగ్గా తెలియకపోతే 'సుమారు', 'అంతకు ముందు' అని చెప్పడానికి దాని గుర్తులు దానికున్నాయి. బాబాయ్ మాత్రం ముత్తాత పుట్టిన తేదీ గడిలో 'పెద్ద వరద వచ్చిన ఏడాది' అని రాశాడు. నా ప్రోగ్రాం దాన్ని శుభ్రంగా తుడిచేసి, ముత్తాత అసలు పుట్టనేలేదన్నట్టు ఖాళీ వదిలింది. చనిపోయిన తేదీ మాత్రం భద్రంగా ఉంచింది.

వీటన్నిటికీ ఓర్చుకున్నాను గానీ తాతయ్య గురించి బాబాయ్ రాసిన వాక్యం దగ్గర బీపీ పెరిగింది. పాత జెడ్‌కామ్‌లో ఒక్కో వరుసకి 255 అక్షరాలే హద్దు. దాటితే మిగిలింది కింద వరుసలో వేసి, పైదానికి అతికించుకోమని ఒక గుర్తు పెడతారు. నా ప్రోగ్రాం పై వరుస తీసుకుని కింది వరుస వదిలేసింది. మన భాషలో అసలు సంగతి తేలేది వాక్యం చివర్లో కదా! తాతయ్య ఎంత కష్టపడ్డాడో అంతా రాసుకొచ్చి, చివర్న "అప్పులవాళ్లకి మొహం చాటేసి రాత్రికి రాత్రి పారిపోయే రకం" దగ్గర ఆగింది. 'కాదు' కింది వరుసలో ఉండిపోయింది. పెద్దత్త అది చదివి రెండు రోజులు బాబాయ్‌తో మాట్లాడలేదు.

నా చెట్టులో ముందే ఉన్నవాళ్లని నా ప్రోగ్రాం గుర్తుపట్టలేదు కూడా. ఫైల్లో వచ్చిన వాళ్లందరినీ కొత్తవాళ్లుగా చేర్చుకుంది. దాంతో ఇద్దరు తాతయ్యలు, ఇద్దరు బాబాయ్‌లు. పిన్ని తెర వంక ఓసారి చూసి, "ఒక్కరికే కాఫీ పెట్టలేక చస్తున్నా" అని లోపలికి వెళ్లిపోయింది.

ఒకేలా ఉన్నవాళ్లని వెతికి కలిపే సౌకర్యం ఉందని తెలిసి బాబాయ్ స్వయంగా వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ప్రోగ్రాం ఒక్కో జంటనీ పక్కపక్కన చూపించి "వీరిద్దరూ ఒకరేనా?" అని అడుగుతుంది. కాసేపు బాబాయ్ కళ్లజోడు సవరించుకుంటూ చదివాడు. తర్వాత కింద 'అన్నీ కలుపు' అనే బటన్ కనిపించింది.

"వద్దు బాబాయ్..."

నొక్కేశాడు.

బాబాయ్ మనవడు చింటూకి బడిలో పేరు మా తాతయ్యదే. పేరూ ఇంటిపేరూ అచ్చంగా కలిశాయి, వాడి పుట్టిన తేదీ ఎవరూ ఎక్కించలేదు, ప్రోగ్రాంకి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇద్దర్నీ ఒకర్ని చేసేసింది. వెంటనే ఎర్రటి గడిలో హెచ్చరిక: ఈ వ్యక్తి తనకు తానే పూర్వీకుడు. లెక్క ప్రకారం బాబాయ్ తన కన్నతండ్రికి తాతయ్యాడు.

"పెద్దరికం వచ్చిందిలే" అన్నాడు బాబాయ్, వెనక్కి వెళ్లే బటన్ కోసం వెతుకుతూ. అలాంటిది ఆ ప్రోగ్రాంలో లేదు.

ఇంతలో చింటూ వచ్చి తెర మీద తన పేరు చూసుకున్నాడు. కింద వివరాలు వేలు పెట్టి చదివాడు. పెళ్లయిందట, నలుగురు పిల్లలట, 1974లో పోయాడట.

"తాతా, నేను పోయానంటగా, రేపు లెక్కల పరీక్ష రాయక్కర్లేదుగా?"