హారన్‌కి మూల కుదిరింది

ముందే చెబుతున్నా, లెక్క తప్పలేదు. గుంటూరు బ్రాడీపేటలో ఒక అపార్టుమెంటు మెట్ల మలుపులో నిన్నట్నుంచీ బీరువా అంత పెట్టె ఒకటి తిష్ఠ వేసి కూర్చుంది. అది మా బావ మోజుపడి కట్టించుకున్న బేస్ హారన్, అంటే కింది స్వరాలు పలికే స్పీకరు పెట్టె. లెక్క కాగితం నా జేబులోనే ఉంది, కావలిస్తే ఎవరైనా చూసుకోవచ్చు. అపార్టుమెంటు సెక్రటరీ గారికి కూడా ఇచ్చాను. ఆయన చదవలేదు, దాంతో విసురుకున్నారు.

అంత పెద్దది ఎందుకని ఐదంతస్తుల వాళ్లూ అడుగుతున్నారు కాబట్టి ఆ ముక్క చెప్పేస్తా. హారన్ అనగానే గుడి మీద అహూజా హారన్ గుర్తొస్తుంది. అది మాటకి చాలు. డోలు దెబ్బలో కడుపుకి తగిలే కింది స్వరం దాన్లోంచి రాదు, నోరు చాలదు మరి. ఎంత కిందికి పలకాలంటే అంత నోరు తెరవాలి. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది, కాబట్టి 50 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 6.86 మీటర్లు. గుండ్రటి నోరైతే చుట్టుకొలత అంత ఉండాలి. అంటే 7 అడుగులు దాటిన వ్యాసం, 40 చదరపు అడుగుల వైశాల్యం. ఇది గాల్లో వేలాడదీస్తే. నేల మీద పెడితే అందులో సగం చాలు, గోడకి కూడా ఆనిస్తే పావు, గది మూలకి నెడితే అరపావు. 5 చదరపు అడుగులన్నమాట. మిగతా పని నేలా, రెండు గోడలూ ఊరికే చేసిపెడతాయి. అమెరికాలో పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు 1940లలోనే ఈ కిటుకుతో మూల హారన్ కట్టాడు. ఆయన కంపెనీ 1946 నుంచీ అమ్ముతూనే ఉంది.

40 అడుగులు కాస్తా 5కి దిగేసరికి బావ ఇంకేం వినలేదు. మిగతాదంతా నేనే వినాల్సొచ్చింది. 50 హెర్ట్జ్ ఎక్స్‌పోనెన్షియల్ హారన్‌లో ప్రతి 15 అంగుళాల దారికీ వైశాల్యం రెట్టింపవ్వాలి. 15 అంగుళాల డ్రైవర్ (పెట్టె లోపల శబ్దం పుట్టించే స్పీకరు) ముందు గొంతు, అంటే హారన్ సన్న కొస, 80 చదరపు అంగుళాలు, నోరు 720. తొమ్మిది రెట్లు, అంటే మూడు రెట్టింపులూ పైన కొసరూ, వెరసి సుమారు 4 అడుగుల దారి. దాన్ని మడతలు పెట్టి పెట్టెలో ఇమిడిస్తే బయటి కొలతలు ఎత్తు 51, వెడల్పు 31, లోతు 28 అంగుళాలు. డ్రైవర్ వెనక మూతపడ్డ గదికి కూడా సూత్రం ఉంది: గొంతు వైశాల్యాన్ని ఆ రెట్టింపు దారి 15 అంగుళాలతో గుణించి, మళ్లీ 2.9తో గుణించాలి. 57 లీటర్లు వచ్చింది. మరీ పెద్దదైతే కోను అదుపు తప్పి కొట్టుకుంటుంది, మరీ చిన్నదైతే కింది స్వరాలు బిగుసుకుపోతాయి. ఎలాగూ ఇన్ని మడతల్లోంచి సన్న శబ్దం రాదు కాబట్టి 400 హెర్ట్జ్ దాటాక పని వేరే చిన్న హారన్‌ది. దాని జోలి ఇప్పుడొద్దు.

సామాను: 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 8×4 షీట్లు మూడు, ఒక్కోటి 33 కిలోల దాకా తూగుతుంది. నీటికి తట్టుకునే ఐఎస్ 710 రకమే కావాలని పట్టుబట్టాం. చవక ప్లైలో మధ్య పొరల్లో ఖాళీలుంటాయి, బేస్ పడగానే అక్కడ గరగరమంటుంది. 6 అంగుళాలకో స్క్రూ. ముందు సన్న డ్రిల్లుతో బెజ్జం వేసుకోకపోతే ప్లై అంచు విచ్చుకుంటుంది. గుంటూరు ఎండలో ఫెవికాల్ ఇట్టే పొర కట్టేస్తుంది కాబట్టి ఒక అతుకుకి రాయడం, వెంటనే బిగించడం, ఆ తర్వాతే రెండోది. అన్నీ అయ్యాక డ్రైవర్ మూత బిగించి, 30 హెర్ట్జ్ టోన్ పెట్టి, అతుకుల వెంట అగరొత్తి నడిపించాలి. పొగ ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ సిలికాన్. "దేవుడి ముందు ఏనాడైనా ఒక్కటి వెలిగించావా" అని అక్క ఒక మాట అని కిందికి పోయింది.

ఈ పనంతా మేడ మీద ట్యాంకు నీడలో జరిగింది. ఫ్లాటులో రంపం చప్పుడు వినబడకూడదని సెక్రటరీ గారి రూలు. ఈ రూలు గుర్తుపెట్టుకోండి. బావది మూడో అంతస్తు. ఫ్లాటులోనే కట్టనిచ్చి ఉంటే మెట్ల ప్రసక్తే రాదు.

మూల హారన్‌కి మూలే ప్రాణం. పెట్టె పైపలక, కిందపలక, వెనక కొస గోడలకి అతుక్కుపోవాలి. అందుకని ఆ అంచులకి అర అంగుళం ఫోమ్ అంటించాం. పెట్టెకీ గోడలకీ మధ్య రెండు పక్కలా మిగిలే సందే నోరు. మూల నిక్కచ్చిగా 90 డిగ్రీలు ఉండాలి. చూసుకోవడం తేలిక: ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తు పెట్టి టేపు పడితే మధ్య 5 అడుగులు రావాలి. బావ హాల్లో ఒక మూల 5 అడుగుల 1¼ అంగుళాలు వచ్చింది. ఇంకో మూల 4 అడుగుల 11. మూడో మూలలో ఫ్రిజ్, నాలుగో మూలలో తలుపు. కట్టినాయన ఎవరో నాకు తెలుసు, చెప్పను గానీ, ఆయన దగ్గర మూలమట్టం లేదన్నది ఖాయం.

కోతలో పోయింది పోగా డ్రైవర్‌తో కలిపి పెట్టె 90 కిలోలు. మేడ మీంచి ఐదో అంతస్తుకి బాగానే దించాం. అక్కడ లిఫ్టు. నలుగురు, 272 కిలోలు అని రాసి ఉంది, బరువుకి ఢోకా లేదు. తలుపు తెరుచుకునేది 700 మిల్లీమీటర్లు. పెట్టె లోతు 28 అంగుళాలు, అంటే 711. ఆ 11 మిల్లీమీటర్ల కోసం తలుపు రబ్బరు ఒక్క నిమిషం పీకుదామంటే సెక్రటరీ గారు ఒప్పుకోలేదు. లిఫ్టు అసోసియేషన్ ఆస్తి అట. బావ నెలనెలా కడుతున్న మెయింటెనెన్స్ ఏ ఆస్తికో!

సరే, మెట్లు. గోడకీ రెయిలింగ్‌కీ మధ్య 33 అంగుళాలు, పెట్టె 31. కాగితం మీద బ్రహ్మాండంగా పడుతుంది. పక్కనుంచి పట్టుకుంటే మాత్రం వేళ్లు పట్టవు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, నాలుగో అంతస్తుకి పోయే సగం దారిలో మలుపు దాకా దించేసరికి వాచ్‌మన్ చేతులు వణికాయి. "ఒక్క క్షణం దించండి బాబూ" అన్నాడు. దించాం. దారికి అడ్డం లేకుండా కొంచెం మూలకి తోశాం.

నున్నటి గ్రానైట్ మీద పెట్టె జారుకుంటూ పోయి, మూలలోకి "చుప్" మని దిగబడింది.

దిగబడటం అంటే మామూలుగా కాదు. ఫోమ్ రెండు గోడలకీ పట్టేసింది, అగరొత్తి పొగ కూడా దూరే సందు లేదు. బావ నోట మాట లేదు, టేపు తీశాడు. పెట్టె పైన ఖాళీ గోడ మీద 3 అడుగులు, 4 అడుగులు గుర్తు పెట్టి పట్టాడు. ఐదు. ఐదంటే ఐదే. ఆ అపార్టుమెంటు మొత్తంలో సరైన మూల అదొక్కటే, అదీ ఎవరికీ చెందని చోట.

ఇక బయటికి రాదు. కిందపలక నేలకి అంటుకుని ఉంది, వేలు దూరదు. హ్యాండిళ్లు పెట్టలేదు. హ్యాండిల్ అంటే బెజ్జం, బెజ్జం అంటే లీకు, అది కాగితంలోనే ఉంది. నోట్లో చేతులు పెట్టి లాగుదామంటే లోపలి మడత పలకల జిగురు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. ముందువైపు స్క్రూ దింపి తాడు కడదామన్నాను. "టేకు వెనీరు బామ్మర్దీ, పాలిష్ వాసన కూడా పోలేదు, దాన్లో స్క్రూ దిగితే కింద రోడ్డు మీదికి నేను దిగుతా" అన్నాడు బావ.

సరిగ్గా అప్పుడు ఐదో అంతస్తులో పెళ్లిచూపులు. మగపెళ్లివారు బరువు మీరి వచ్చారు. లిఫ్టు కూతపెట్టి కదలనంటే సగంమంది మెట్లెక్కారు. ముందు వచ్చినాయన పిల్లాడి మేనమామ, పట్టు ఉత్తరీయం. పెట్టె ముందు ఆగి, ఎగాదిగా చూసి, వేలిముడితో రెండుసార్లు కొట్టారు.

"కర్ర మంచిదే. ఇదేంటండీ, మాటామంతీ కాకముందే సారె దింపేస్తున్నారు?"

"సారె కాదండీ, స్పీకరు" అన్నాడు బావ.

"తలుపెటు తెరుచుకుంటుంది?"

"తలుపుండదండీ."

"తలుపు లేని బీరువానా!"

వెనకున్న ఆడవాళ్లకి ఇందులో "బీరువా" ఒక్కటే వినబడింది. పైనుంచి పిల్ల తండ్రి పరుగున దిగొచ్చాడు. ఆయన కంగారు ఆయనది. "అయ్యయ్యో, బీరువా మాది కాదండీ, మాకే సంబంధమూ లేదు" అనేశాడు. అందులో "సంబంధమూ లేదు" మటుకే కిందిదాకా చేరింది. మేనమామ ఉత్తరీయం సవరించుకున్నారు. పరిస్థితి చెయ్యి దాటుతోందని బావ, ఇది స్పీకరేనని ఋజువు చేస్తే గొడవ తీరుతుందనుకున్నాడు. ఇంట్లోంచి ఆంప్లిఫయరు తెచ్చి, నాలుగో అంతస్తు కారిడార్లో ఉన్న ప్లగ్గులో ఎక్స్‌టెన్షన్ పెట్టాడు.

ఆ ఆంప్లిఫయరు 300బి వాల్వులది, పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు. ఛానెల్‌కి 8 వాట్లు. నవ్వకండి. మామూలు స్పీకరు ఒక వాటుకి మీటరు దూరంలో 89 డెసిబెల్స్ ఇస్తే ఇలాంటి హారన్ 104 దాకా ఇస్తుంది. ఆ 15 డెసిబెల్స్ అంటే 30 రెట్లు పైనే, అక్కడ 60 వాట్లు చేసే పని ఇక్కడ 2 వాట్లు చేస్తాయి. చిక్కల్లా పాటని పెంచే హారన్ ఆంప్లిఫయరులో ఉన్న హమ్ముని, అంటే కరెంటు రొదని, కూడా అంతే భక్తిగా పెంచుతుంది. ఫిలమెంటుకి ఏసీ ఇచ్చే వాల్వుల్లో సన్నటి హమ్ము ఉండనే ఉంటుంది, మామూలు స్పీకర్లో చెవి ఆనిస్తే గానీ తెలియదు. దానికి తోడు ఆ కారిడార్ ప్లగ్గులో ఎర్త్ లేదు. ఇక మన కరెంటు ఎంత? 50 హెర్ట్జ్. హారన్ ఎంతకి కట్టాం? 50 హెర్ట్జ్.

బావ స్విచ్చేశాడు. పాట ఇంకా పెట్టనే లేదు.

"బుఁయ్య్..."

చెవికి కాదు, అరికాళ్లకి వినబడింది. ఒక పక్క గోడ మెట్ల వెంట కిందికి పోతుంది, పై నుంచి కిందికి నిలువునా ఖాళీ, నోటికి ఇంతకంటే ఏం కావాలి. రెయిలింగ్ సన్నగా వణికింది, లిఫ్టు తలుపు టకటకలాడింది, ఎవరింట్లోనో స్టీలు గ్లాసులు పలికాయి. మేనమామ గోడ పట్టుకున్నారు. కిందినుంచి సెక్రటరీ గారి కేక: "మోటారు ఎవరేశారు? ట్యాంకు నిండి పోతోంది, ఆపండి!"

వాచ్‌మన్ మా పక్కనే ఉన్నాడు. "మోటారు వెయ్యలేదు సార్" అన్నాడు. "వెయ్యకపోతే ఆ మోత ఏంటి? డ్రైగా తిరుగుతోంది, కాలిపోతుంది, నీ జీతంలో కోస్తా!" వాడు బెదిరిపోయి, ఆపడానికి పరిగెత్తాడు. ఆగి ఉన్న మోటారుని ఎలా ఆపాలి? స్విచ్ వేసి ఆపుదామనుకున్నాడో ఏమో, వేశాడు. అప్పుడు నిజం మోటారు మొదలైంది. మేడ మీద ట్యాంకు నిజంగానే పొర్లింది. రెండు మోతలూ కలిసి ఒక్కటైపోవడంతో ఏది ఆపితే ఏది ఆగిందో తెలియక సెక్రటరీ గారు కామన్ మెయిన్ దించేశారు. లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగింది. అందులో పెళ్లికొడుకు.

పిల్ల నచ్చిందో లేదో ఇంకా కబురు రాలేదట. వాట్సాప్‌లో మటుకు నోటీసు రాత్రికే వచ్చింది: "మెట్ల మీద బీరువాలు ఉంచరాదు." బీరువా! హారన్ అని రాయడానికి ఏం పోయింది? కోటప్పకొండ తిరునాళ్లకి అంతెత్తు ప్రభలొస్తే కరెంటు ఆపి మరీ దారిస్తారు, ఇక్కడ 51 అంగుళాల పెట్టెకి లిఫ్టు రబ్బరు ఒక్కటి పీకనివ్వలేదు.

మిర్చియార్డు హమాలీలకి ఫోన్ చేశాం. మేస్త్రి "ఎన్ని టిక్కీలు?" అన్నాడు. ఒకటే పెట్టె అన్నాం. "లోపల సరుకేంది?" అన్నాడు. గాలి అన్నాడు బావ. పెట్టేశాడు. మళ్లీ చేయాలి. ఈలోగా మబ్బు పట్టింది, మేడ మీద రెండో హారన్ పలకలు కోసి పరిచి ఉన్నాయి. స్టీరియో కదా మరి. టార్పాలిన్ కప్పాలంటే మేడ తాళం సెక్రటరీ గారి దగ్గరుంది. ఆయన ఫోన్ ఎత్తట్లేదు.