కౌపీన సంరక్షణార్థం ఒక మ్యాక్‌బుక్

గోచీ గుడ్డను ఎలుకలు కొరికేస్తున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవును మేపడానికి ఒక మనిషిని, చివరికి ఈ సంతనంతా చూసుకోవడానికి పెళ్ళాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మనందరికీ చిన్నప్పుడే చెప్పారు. విని నవ్వుకున్నాం. ఇన్నేళ్ళూ ఆ సన్యాసిని చూసి నవ్వినందుకు ఈ వ్యాసం ద్వారా బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఆయన పడ్డ అవస్థ ఏపాటిది? ఆవు అప్‌డేట్ అయిందని పిల్లి పాలు మానేయలేదు. ఈ మోడల్ పిల్లికి కొత్త ఎలుకలు సపోర్ట్ చేయవని ఎవరూ అనలేదు. స్వామీ, నీది స్వర్ణయుగం.

నేను మొబైల్ యాప్‌లు రాసే ఓ చిన్న ఆఫీసులో పనిచేస్తాను, మాదాపూర్‌లో, కింద టిఫిన్ సెంటరు, పైన మేము. మా యాప్‌లలో ఒకటి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ డబ్బులు కట్టుకునేది. ఈ మధ్యే దానికి తెలుగు పెట్టాం. పెట్టిన వారానికి ఓ అసోసియేషన్ ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు, రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, చాలా నెమ్మదైన మనిషి. "అమ్మా, మీ యాప్ మా అపార్ట్‌మెంట్ వాళ్ళ మనసులో మాట బటన్ మీద రాసేసింది, ఒకసారి చూడండి" అన్నారు. స్క్రీన్‌షాట్ పంపారు. ఆకుపచ్చ బటన్ మీద, లావుపాటి అక్షరాలతో ఇలా ఉంది: "చెల్లించం…"

ఆయనది ఐఫోన్ 8, 4.7 అంగుళాల స్క్రీను, పైగా ప్రతిసారీ కళ్ళజోడు వెతుక్కునే బాధ లేకుండా అక్షరాల సైజు బాగా పెంచుకున్నారు. మేం రాసింది "చెల్లించండి". చోటు చాలక చివరి "డి" రాలిపోయి ఆ స్థానంలో మూడు చుక్కలు కూర్చున్నాయి. ఇంగ్లీషు "పే" తెగేంత పొడవే ఉండదు కాబట్టి దానికి ఈ గండం లేదు. తెలుగులో ఒక్క "డి" పోతే మర్యాద పోవడంతో ఆగదు, మాట మొత్తం ధర్నాకు దిగుతుంది. ఆ నెల ఆ అపార్ట్‌మెంట్‌లో ఎంతమంది ఆ బటన్‌ను చూసి, తీర్మానం పాసైందనుకుని ఊరుకున్నారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

దీనికి మందు ఒక్క లైను. చోటు చాలనప్పుడు అక్షరం కాస్త చిన్నదవ్వాలని చెప్పే లైను. టీ చల్లారేలోపు రాసేశాను. మ్యాక్ తెర మీదే ఫోన్ వేషం కట్టే సిమ్యులేటర్‌లో అక్షరాలు పెంచి చూస్తే "చెల్లించండి" అని వినయంగా వచ్చింది. అక్కడితో లేచి ఇంటికెళ్ళుంటే సరిపోయేది. కానీ మా మేనేజరు గారికి సిమ్యులేటర్ మీద నమ్మకం లేదు. అప్పుడెప్పుడో సిమ్యులేటర్‌లో బంగారంలా నడిచిన యాప్‌ను ధైర్యంగా క్లయింటు ఫోన్‌లో తెరిస్తే తెరిచినంత వేగంగా మూసుకుపోయింది, ఆ గాయం ఇంకా మానలేదు. "నిజం ఫోన్‌లో వీడియో తీసి పంపు" అన్నారు. నిజానికి ఆయన మాట న్యాయమే. సిమ్యులేటర్ మ్యాక్ ప్రాసెసర్ మీద నడుస్తుంది, మ్యాక్ మెమొరీ తింటుంది, బ్యాటరీ గొడవ లేదు, వేడెక్కేది లేదు. పెళ్ళిచూపులకొచ్చిన అబ్బాయి లాంటిది. ఆ గంటసేపు ఏ లోపమూ కనబడదు.

మా టెస్టింగ్ ఫోన్ ఐఫోన్ ఎస్‌ఈ, 2020 మోడల్. దానిదీ అదే 4.7 అంగుళాల స్క్రీను, సరిగ్గా సరిపోతుంది. డ్రాయర్‌లోంచి తీస్తే తళతళలాడుతోంది. ఐకాన్లన్నీ అద్దంతో చేసినట్టున్నాయి. వెనక నుంచి మా జూనియర్ సంతోషంగా, "రాత్రి చార్జింగ్ పెట్టి అప్‌డేట్ చేసేశానక్కా, రోజూ అడుగుతోంది పాపం" అన్నాడు.

పాపం అన్నాడు. ఒక ఫోన్ మీద జాలిపడ్డ కుర్రాడిని ఏమని తిడతాం?

ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ నిన్నటిదాకా ఐఓఎస్ 18, తెల్లారేసరికి 26. మధ్యలో 19 నుంచి 25 దాకా ఏమైపోయాయని వెతక్కండి, అవి పుట్టనే లేదు. 2025 సెప్టెంబరు 15న విడుదలైన వెర్షన్‌కి రాబోయే ఏడాది అంకె పెట్టి 26 అన్నారు, అంతే. మా ఊళ్ళో బాగా చదివే పిల్లాడికి రెండో క్లాసు నుంచి నాలుగుకి డబుల్ ప్రమోషన్ ఇస్తేనే వీధంతా చెప్పుకునేవాళ్ళం.

సరే, కేబుల్ గుచ్చాను. ఐఫోన్ యాప్‌లు కట్టి ఫోన్‌లోకి ఎక్కించే టూల్ పేరు ఎక్స్‌కోడ్, మా మ్యాక్‌లో ఉన్నది 16.2. దానికి ఐఓఎస్ 18 దాకానే చుట్టరికం. 26ను చూసి, ఆస్తి పంపకాల తర్వాత పెళ్ళిలో ఎదురుపడ్డ పెదనాన్నలా చూపు పక్కకు తిప్పుకుంది. ఈ ఫోన్‌తో మాట్లాడాలంటే ఎక్స్‌కోడ్ 26 కావాలి. ఎక్స్‌కోడ్ 26కి మ్యాక్‌ఓఎస్ సెకోయా 15.6 గానీ ఆపైది గానీ ఉండాలి. మాది దానికి ముందుదైన సొనోమా 14. సెకోయా ఎక్కించాలంటే మ్యాక్‌బుక్ ఎయిర్ 2020 మోడలో ఆ తర్వాతదో అయ్యుండాలి. మాది 2019.

ఒక్క ఏడాది. బడిలో చేర్చేటప్పుడు పిల్లల పుట్టిన తేదీ దిద్ది రాసుకున్న హెడ్మాస్టర్లు ఎంతమంది లేరు! మా మ్యాక్‌ను అలాంటి మహానుభావుడి దగ్గర చేర్పించి ఉంటే ఇవాళ అది దర్జాగా సెకోయాలో ఉండేది.

ఇదంతా ఇంత వరసగా, ఇంత ప్రశాంతంగా తెలిసిందనుకునేరు. ఒక పనిదినం మొత్తం పట్టింది. ముందు ఫోన్ ఆపి తీశాం. మ్యాక్ ఆపి తీశాం. కేబుల్ తిప్పి పెట్టాం. ఆఫీసులో నాలుగు కేబుళ్ళుంటే మూడు చార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరానివి, నాలుగోది మేనేజరు గారి కారులో ఉంది, ఆయన లంచ్‌కి వెళ్ళారు. ఆయనొచ్చాక మళ్ళీ గుచ్చితే ఫోన్ "ఈ కంప్యూటర్‌ను నమ్ముతారా?" అని అడిగింది. నమ్ముతున్నాం అని నొక్కాం. (నిజానికి ఆ క్షణంలో నమ్మడం లేదు.) యాప్‌ను మొదట్నుంచి మళ్ళీ కట్టాం, పాత బిల్డుల మిగుళ్ళు పేరుకునే డిరైవ్డ్ డేటా ఫోల్డరు చెరిపేశాం. అది చెరిపితే పోని రోగం లేదని మా వృత్తిలో గట్టి నమ్మకం, దిష్టి తీసి ఎర్రనీళ్ళు నాలుగు వీధుల కూడలిలో పారబోసినట్టే. పక్క టీం అబ్బాయి వచ్చి, "పాతరోజుల్లో అయితే కొత్త ఎక్స్‌కోడ్‌లోంచి, కొత్త ఫోన్లతో మాట్లాడడం నేర్పే డివైస్ సపోర్ట్ ఫోల్డర్ ఒక్కటి కాపీ చేసి పాతదాంట్లో పడేస్తే నడిచేది" అన్నాడు. నిజమే, నడిచేది, నేనూ చేశాను, పెన్‌డ్రైవ్‌లో ఆ ఫోల్డర్ ఒకరి నుంచి ఒకరికి పక్కింటి పాలతోడులా తిరిగేది. ఐఓఎస్ 17తో ఆ పద్ధతి మారింది, ఆ తోడుతో ఇక పెరుగు తోడుకోదు.

మా జూనియర్ ఊరుకోలేదు, తప్పు దిద్దుకోవాలనే తపన. ఎక్స్‌కోడ్ 26ను సైట్ నుంచి డౌన్‌లోడ్ పెట్టాడు. మా మ్యాక్ మొత్తం స్టోరేజీయే 128 జీబీ. ఆ ఫైలు దిగడానికి కొన్ని జీబీలు, అది విప్పుకోవడానికి అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి ఇల్లు ఖాళీ చేసే కార్యక్రమం పెట్టుకున్నాం. ఎప్పటివో సిమ్యులేటర్లు పోయాయి. పాత రిలీజుల ఆర్కైవ్‌లు పోయాయి. డెస్క్‌టాప్ మీద "అక్క పెళ్ళి ఫైనల్ ఫైనల్ 2" అనే ఫోల్డర్ కనబడితే అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం, ఎవరి అక్కో ఎవరూ ఒప్పుకోలేదు, అయినా తీయడానికి చేతులు రాలేదు. చివరికి చోటు చేశాం. ఫైలు దిగింది. విప్పుకుంది, సాయంత్రం టీ అయ్యేదాకా విప్పుకుంటూనే ఉంది. విప్పుకున్నాక ఎక్స్‌కోడ్ సుత్తి బొమ్మ మీద అడ్డంగా ఒక గీత, ఈ మ్యాక్‌లో నడవనని. నో పార్కింగ్ బోర్డులా గుండ్రం, దానికో అడ్డగీత. ఆ గీత చూడడానికి మూడేళ్ళ ఆర్కైవ్‌లు బలిచ్చాం.

"పాత వెర్షన్‌కి వెనక్కి తీసుకెళ్ళలేమా?" అని మేనేజరు గారు అడిగారు. ఫోన్‌లో ఏ వెర్షన్ ఎక్కించాలన్నా దానికి తయారీదారు సర్వర్ సంతకం పెట్టాలి. కొత్తది వచ్చిన కొన్నాళ్ళకు పాతదానికి సంతకాలు ఆపేస్తారు. మా జూనియర్ అప్‌డేట్ చేసింది సంక్రాంతి ముందు, ఆ పాటికి మా ఫోన్‌కి వెనక్కి దారి లేదు. అభిమన్యుడికైనా లోపలికి వెళ్ళడమొకటి తెలుసు, మా వాడికి అది పద్మవ్యూహమనే తెలియదు.

మీటింగ్ పెట్టారు. తప్పెవరిదో తేల్చాలి కదా. గంట కూర్చుంటే తేలిందేమిటంటే ఎవరిదీ కాదు. భద్రత కోసం ఫోన్ అప్‌డేట్ చేయాలి, చేశాడు. కొత్త ఫోన్ వెర్షన్‌కి కొత్త టూల్ కావాలి, సహజం. కొత్త టూల్‌కి కొత్త ఓఎస్, కొత్త ఓఎస్‌కి కొత్త మెషిన్, ఎక్కడో ఒకచోట గీత గీయాలి, గీశారు. మ్యాక్ చక్కగా పనిచేస్తోంది కాబట్టి ఆఫీసు మార్చలేదు, పొదుపు. అందరూ పద్ధతి ప్రకారమే నడిచారు. ఆ పద్ధతి ప్రకారమే "చెల్లించం" అన్న బటన్ జనం వాడే యాప్‌లో నిక్షేపంగా ఉంది.

ఆండ్రాయిడ్ టీం వాళ్ళు గోడకి ఆనుకుని నవ్వుతున్నారు, నవ్వాల్సింది వాళ్ళు కాదు. పోయిన నెలలో వాళ్ళ బిల్డ్ ఆగిపోయి "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అని వచ్చింది. 65 ఏమిటి? అందులోంచి 44 తీసేస్తే 21 వస్తుంది, అది జావా 21. ఎందుకు 44 అంటే మా తాత చెప్పాడు, అంతే. యాప్‌ను కట్టిపెట్టే గ్రేడిల్‌కి జావా నచ్చదు, దానికి తగిలించిన ప్లగిన్‌కి గ్రేడిల్ నచ్చదు, ప్లగిన్ పెంచితే వాళ్ళు కోడ్ రాసుకునే ఆండ్రాయిడ్ స్టూడియో పాతదైతే ప్రాజెక్టు తెరవదు. ఆ స్టూడియో వెర్షన్ల పేర్లా, ఫ్లెమింగో, జిరాఫ్, హెడ్జ్‌హాగ్, ఇగ్వానా, జెల్లీఫిష్, కోలా, అక్షర క్రమంలో జంతు ప్రదర్శనశాల. "నీ దగ్గర జిరాఫ్ ఉందా?" "లేదు, నిన్నే కోలాకి మారాను." నెహ్రూ జూ పార్కులో సిబ్బంది కూడా ఇంత సీరియస్‌గా మాట్లాడుకోరు. ఇక ఆండ్రాయిడ్ 15 అంటే ఏపీఐ 35, అది బారసాల పేరు, ఇది ముద్దుపేరు, ఇంట్లో ఎవరు ఏ పేరుతో పిలుస్తున్నారో తెలుసుకోవడానికే సగం రోజు.

ఈ అనుభవసారం రంగరించి ఆఫీసుకు కొన్ని సూచనలు సమర్పించాను. కొత్త వెర్షన్లు ఏటా సెప్టెంబరులో వస్తాయి కాబట్టి ఆ నెల మొదలు దీపావళి వెళ్ళేదాకా మూఢంగా ప్రకటించాలి. అప్‌డేట్లు, గృహప్రవేశాలు నిషిద్ధం. టెస్టింగ్ ఫోన్లలో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, వాటిని ఎర్రగుడ్డలో చుట్టి తాళం వేసిన బీరువాలో పెట్టాలి, తాళంచెవి ఫోన్లంటే జాలిలేని మనిషి దగ్గర ఉండాలి. కనీసం ఒక ఫోన్ కొత్త వెర్షన్‌లో, ఒకటి పాతదాంట్లో ఉండాలి, అత్తా కోడళ్ళలాగా, ఇద్దరినీ ఒకే డ్రాయర్‌లో పెట్టకూడదు. ఎవరైనా అప్‌డేట్ నొక్కే ముందు జాతకాలు చూడాలి. అందరూ ఫోన్ దగ్గర మొదలెట్టి కిందికి వస్తారు, అదే మేం చేసిన తప్పు. ముందు మ్యాక్ ఏ ఏడాదిదో చూడాలి. మిగతావన్నీ వేలితో నొక్కితే మారతాయి, అదొక్కటే చెక్కుతో తప్ప మారదు. అది ఏ ఓఎస్ దాకా వెళ్తుందో, ఆ ఓఎస్ ఏ ఎక్స్‌కోడ్‌ను రానిస్తుందో, ఆ ఎక్స్‌కోడ్ ఏ ఫోన్‌తో మాట్లాడుతుందో చూసుకుని ఫోన్ ముట్టుకుంటే నష్టం లేదు. సూచనలను మేనేజరు గారు చాలా శ్రద్ధగా విని, మినిట్స్‌లో "వర్షన్ ఇష్యూ చర్చించబడింది" అని రాసుకున్నారు.

మర్నాడు పొద్దున నాకు వెలిగింది. ఐఫోన్ 8కి ఐఓఎస్ 16 తర్వాతి వెర్షన్లే లేవు. మా ఎక్స్‌కోడ్‌కి అది హాయిగా అందుతుంది. లేచి కూకట్‌పల్లి వెళ్ళాను, మ్యాక్ సంచిలో, మేనేజరు గారి కారులోని కేబుల్ సహా. ప్రెసిడెంటు గారు టిఫిన్ పెట్టారు. ఆయన ఫోన్ గుచ్చి, డెవలపర్ మోడ్ ఆన్ చేసి, ఒకసారి ఆపి తీసి, రన్ కొట్టాను. నిమిషంలో యాప్ తెరుచుకుంది. కొంచెం చిన్న అక్షరాలతో, చివరి "డి" సహా, "చెల్లించండి". ఇక ఏ కొత్త వెర్షనూ అందక పక్కన పెట్టేయమని అందరూ చెప్పే ఫోనే పనికొచ్చింది. "అబ్బాయి కొత్తది కొంటానంటున్నాడమ్మా, తీసుకోమంటావా?" అని ఆయన అడిగితే, జీవితంలో ఎప్పుడూ లేనంత గట్టిగా వద్దన్నాను.

కానీ ఇలా ప్రతి రిలీజుకీ కూకట్‌పల్లి వెళ్ళి ఇడ్లీలు తినలేం కదా. పైగా 2026 ఏప్రిల్ నుంచి స్టోర్‌కి పంపే యాప్‌లన్నీ ఐఓఎస్ 26 ఎస్‌డీకేతో, అంటే ఎక్స్‌కోడ్ 26తో వచ్చే సరంజామాతో కట్టినవే అయ్యుండాలి. పాత మ్యాక్‌తో ఆ "డి"ని సరిదిద్దగలం గానీ, ఆ గడువు దాటితే జనానికి పంపలేం. అందుకని కొత్త మ్యాక్‌బుక్ ఎయిర్ కావాలని అకౌంట్స్‌కి రిక్వెస్ట్ పెట్టాను, లక్షకు కాస్త అటూ ఇటూ. కారణం రాయమంటే, "ఒక బటన్‌లో ఒక అక్షరం కనబడడానికి" అని ఉన్నదున్నట్టు రాసి, రుజువుగా ప్రెసిడెంటు గారు పంపిన స్క్రీన్‌షాట్ జతచేశాను.

సాయంత్రానికి అకౌంట్స్ మేడమ్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "మీరు జతచేసిన బటన్ చూశాం. మా నిర్ణయం అందులోనే ఉంది."