ఒక్క కమాండ్‌తో అయ్యే పనికి ఇంత తిప్పలా?

కోడ్ దాచుకుని నలుగురూ కలిసి పనిచేసుకునే సైట్ గిట్‌హబ్. దాన్ని కమాండ్లు టైప్ చేసి వాడుకునే టూల్ జీహెచ్ (gh) 1.0 వెర్షన్ 2020లోనే వచ్చింది. ఉచితం, పైగా ఓపెన్ సోర్స్. అయినా మా ఆఫీసు లాప్‌టాప్‌లో వేసుకోవడానికి పర్మిషన్ లేదు. అడిగితే "బ్రౌజర్ ఉంది కదండీ" అంటారు.

ఉంది, కాదనను. కానీ ఎవరో తన ఫోర్క్ (మా కోడ్‌కు తను చేసుకున్న సొంత కాపీ) నుంచి పుల్ రిక్వెస్ట్ (తన మార్పులు కలుపుకోమనే అభ్యర్థన) పంపారనుకోండి. దాన్ని నా మెషీన్‌లో నడిపి చూడాలంటే బ్రౌజర్ తెరిచి ఆ ఫోర్క్ అడ్రస్ కాపీ చేసుకోవాలి, కొత్త రిమోట్‌గా (కోడ్ తెచ్చుకునే చోటుగా) చేర్చాలి, ఫెచ్ కొట్టి కోడ్ దించుకోవాలి, ఆ మార్పులున్న బ్రాంచ్ (కోడ్ శాఖ) పేరు వెతుక్కుని చెకౌట్ చేయాలి, అంటే దానికి మారాలి. ఈలోగా చూడాల్సిన కోడ్ మీద ధ్యాసే పోతుంది. జీహెచ్ ఉంటే "జీహెచ్ పీఆర్ చెకౌట్ 57" (57 అంటే ఆ పుల్ రిక్వెస్ట్ నంబర్) అని కొడితే చాలు, అదే బ్రాంచ్‌లో ఉంటాం.

లాగిన్ గోల వేరే. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్‌లో పుష్, పుల్‌లకు (కోడ్ పంపడానికి, తెచ్చుకోవడానికి) పాస్‌వర్డ్ చెల్లదు, దాని బదులు టోకెన్ (గిట్‌హబ్‌లో తయారు చేసుకునే పొడవాటి రహస్య కోడ్) వాడుతున్నాం. దాని గడువు సరిగ్గా రిలీజ్ రోజే తీరుతుంది, ఇక టెన్షన్! "జీహెచ్ ఆథ్ లాగిన్" ఒక్కసారి చేస్తే ఈ టోకెన్ల కాపీ పేస్టులే ఉండవు.

సెక్యూరిటీ కోసమే వద్దంటున్నారట. మరి టీమ్‌లో సగం మంది ఆ టోకెన్లను నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటుంటే ఎవరూ అడగరేం?