760 ఎక్కని ముల్లుకు ఒక లేఖ

మహారాజశ్రీ వాక్యూమ్ గేజ్ గారికి, బెంగళూరు పీణ్య నుంచి నమస్కరించి రాయునది.

ఫైబర్ పార్టులను ఒత్తిడిలో ఉడికించే ఆటోక్లేవ్ కొనే స్తోమత లేక, గాలి లాగేసిన బ్యాగులోకి గట్టిపడే ద్రవం (రెసిన్) పీల్పించే రెసిన్ ఇన్‌ఫ్యూజన్‌కు వచ్చినవాళ్లం. పొడి గ్లాస్ ఫ్యాబ్రిక్ పరిచి, పీల్ ప్లై (తర్వాత ఊడదీసే గుడ్డ), ఫ్లో మెష్ (రెసిన్ పారే జాలి) వేసి, బ్యాగ్ అంటించి గాలి లాగేస్తే చాలు, ఒత్తే పని వాతావరణమే పైసా అడక్కుండా చేసిపెడుతుంది. కాకపోతే ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. చెన్నైలో చదరపు మీటరు పార్టును పది టన్నుల పైచిలుకు ఒత్తే గాలి, ఇక్కడ తొమ్మిది చిల్లరతో సరిపెడుతుంది. తూకంలో పదోవంతు కోత.

ఈ సంగతి తమరి దాకా రాలేదు పాపం. డయల్ మీద 760 అని, అంటే పాదరసం మిల్లీమీటర్లలో సముద్రమట్టపు గాలి ఒత్తిడిని, అచ్చేయించుకుని కూర్చున్నారు. బయటి గాలి కన్నా లోపల ఒత్తిడి ఎంత తక్కువో మాత్రమే చూపేవారు కనుక, బ్యాగులో బొత్తిగా గాలి లేకపోయినా ఇక్కడ తమరి ముల్లు 680 దాటి పెద్దగా కదలదు. అది చూసి సూపర్‌వైజర్ లీకేజీ అంటాడు, సీలెంట్ టేపు మళ్లీ వేయిస్తాడు, చివరికి పెద్ద పంపుకు కొటేషన్ తెప్పిస్తాడు. ఆ పంపు వచ్చి మరీ లోతుకు లాగిందా, 30 డిగ్రీల రోజున వినైల్ ఎస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవం, బ్యాగులో ఒత్తిడి పది పన్నెండు మిల్లీబార్లకు దిగితే చాలు, మరిగి పార్టు నిండా బుడగలు. ముల్లు మాత్రం ఉన్నచోటే!

నిజంగా లీకైన రోజున తమరికి నోరు పెగలదు. పంపు పక్కన బిగిస్తే, దూరపు మూలలో ప్లీటు (బ్యాగు మడత) విడిపోయినా అంతా క్షేమమంటారు. అందుకే తమరి మకాం మారుస్తున్నాం, పంపు లైనుకు ఎదురు చివరకు. అక్కడైనా వాల్వు కట్టేసి పది నిమిషాలు చూస్తే, 20 మిల్లీమీటర్లకో గీత ఉన్న డయల్ మీద ఐదు మిల్లీమీటర్లు పడిపోవడం ఎవడికి కనిపిస్తుంది? కొంప ముంచేది ఆ సన్న లీకే. బయట ఒక మిల్లీలీటరు ఉన్న గాలి, ఒత్తిడి 45 మిల్లీబార్లే ఉన్న బ్యాగులోకి దూరగానే ఇరవై మిల్లీలీటర్లవుతుంది. రెసిన్ గట్టిపడేదాకా దూరుతూనే ఉంటుంది.

కనుక లీక్ పరీక్షకు అబ్సల్యూట్ ప్రెషర్ (బయటి గాలితో పోల్చకుండా శూన్యం నుంచి కొలిచే ఒత్తిడి) చూపే డిజిటల్ గేజ్ పెడుతున్నాం. ధర ఎక్కువే. పారేసిన పార్టులో పోయిన ఫ్యాబ్రిక్, రెసిన్ లెక్కేస్తే ఆ మాట ఎవరూ ఎత్తరు. తమరిని తీసేయడం లేదు, పంపు నడుస్తోందా లేదా చెప్పడానికి చాలు. 680 దగ్గర ఎర్ర పెయింటుతో గీత గీయిస్తున్నాం, నొచ్చుకోకండి. చెన్నైకి బదిలీ అయితే తుడిపించుకోవచ్చు.

ఇట్లు,
లేని లీకు వెతికి అలసిన షాప్‌ఫ్లోర్