గోడమీది లైసెన్సు గారికి ఐరన్ కొట్టు విన్నపం

మహారాజశ్రీ స్పెషల్ క్లాస్ కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గారి దివ్యసముఖమునకు,

విజయవాడ భవానీపురం ఐరన్ యార్డు నుంచి స్టీలూ సిమెంటూ అమ్ముకునే కొట్టువాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. మొగల్రాజపురం ఆఫీసులో దుర్గమ్మ పటానికి జానెడు పైన, టేకు ఫ్రేములో, ప్లాస్టిక్ బంతిపూల దండతో వెలిగిపోతున్నారు. శుక్రవారం శుక్రవారం ఆఫీసు కుర్రాడు అమ్మవారికి బొట్టు పెట్టి, అదే వేలితో తమరి అద్దానికీ ఒకటి పెడతాడు. తమరి కింద సోఫాలో పాత బాకీల కోసం కూర్చునేవాళ్ళం మేము: కంకర మిల్లు పెద్దాయన, షట్టరింగ్ రేకులాయన, టైల్స్ కొట్టు గుమస్తా, నేను. కాఫీకి మాత్రం ఏ రోజూ లోటు చెయ్యరు. పంచదార ఎంత వెయ్యమంటారో కూడా అడుగుతారు.

ఈ ఉత్తరం తమరి యజమాని కాంట్రాక్టరు గారికి రాయకుండా తమరికెందుకంటే, నేను అరువిచ్చింది తమరి మొహం చూసే. ఆయన మొదటిసారి కొట్టుకొచ్చినప్పుడు జేబులోంచి తీసింది డబ్బు కాదు, తమరి జిరాక్సు. "సర్కారే నమ్మి కోట్ల పని చేతిలో పెట్టింది, నువ్వు రెండు లోడ్లకి ఇంత ఆలోచిస్తావేంటి బాబాయ్!" అన్నారు. కింద గుండ్రటి సీలు, పచ్చసిరా సంతకం. కాదనడానికి నేనెవణ్ణి? ముఠావాళ్ళని పిలిచి లారీకెత్తించాను. సరుకు దిగిందాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య.

తమరికి పరీక్షలు తక్కువనడం లేదు. టర్నోవరు, చేసిన పనులు, మెషినరీ, ఇంజనీర్లు, స్తోమత ఉందని బ్యాంకు ఇచ్చే సాల్వెన్సీ కాగితం, ఇన్నీ చూస్తారట. ఆ సాల్వెన్సీ దగ్గరే నాకు నవ్వొస్తుంది. నాకు కట్టకుండా ఖాతాలో ఉంచుకున్న సొమ్ము కూడా ఆయన స్తోమత కిందే లెక్క. అంటే బాకీ ఎంత బిగబడితే స్తోమత అంత పెరుగుతుంది! కిందటి రెన్యువల్ ముందు ఆయనే స్వయంగా ఫోన్ చేసి, "నీ లెటర్‌హెడ్ మీద బ్యాలెన్సు నిల్ అని ఒక్క ముక్క రాసివ్వు బాబాయ్" అన్నారు. కట్టండి, వెంటనే రాస్తానన్నాను. ఎంత నొచ్చుకున్నారో! ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇదేనా నమ్మకం అన్నారు. నా ముక్క లేకుండానే తమరి రెన్యువల్ అయిపోయింది. బాకీ రావాల్సినవాళ్ళ మాట అడిగే గడి తమరి దరఖాస్తులో లేదని అప్పుడే అర్థమైంది.

వాయిదాల్లో ఆయన చెప్పేవి అబద్ధాలు కావు, అదే చిక్కు. 2019లో అమరావతి పనులు ఆగాయన్నారు, ఆగాయి. ఇసుక దొరకట్లేదన్నారు, దొరకలేదు. తరవాత కరోనా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే "సైటు నీళ్ళలో ఉంది బాబాయ్" అన్నారు. నా బాకీ ఉన్న సైటు గుంటూరులో, ఒక హాస్టలు రెండో అంతస్తు. ఇప్పుడు అమరావతిలో పనులు మళ్ళీ మొదలయ్యాయి కాబట్టి పెట్టుబడంతా అక్కడ ఇరుక్కుందట. పని ఆగినా కట్టరు, సాగినా కట్టరు. ఏమీ తోచని రోజున "బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో ఉంది", అంటే సర్కారు చెల్లింపుల కంప్యూటరులో ఉంది, అనే మాట ఉండనే ఉంది. ఆ బిల్లు పాసైన సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయన వాకిట్లో కొత్త కారుకి నిమ్మకాయలు కట్టిన రోజున తెలుస్తుంది.

వీటన్నిటికంటే ముచ్చటైనది తూకం గొడవ. శ్లాబు పోసిన ఆర్నెల్లకి ఫోన్: 12 ఎంఎం ఊచలో తూకం తేడా వచ్చిందట, లెక్క తేలేదాకా చెల్లింపు ఆపారట. 12ని 12తో గుణించి 162తో భాగిస్తే మీటరుకి 0.888 కిలో. మా యార్డులో పిల్లలకి ఎక్కాలకంటే ముందు వచ్చే లెక్క అది. వేబ్రిడ్జి చీటీ మీద ఆయన సూపర్‌వైజరు సంతకం కూడా ఉంది. "సరేనండీ, మళ్ళీ తూద్దాం" అన్నాను. ఊచ శ్లాబులో ఉంది, శ్లాబు కింద పిల్లలు నిద్రపోతున్నారు.

చట్టం లేదా అంటారేమో. బోలెడుంది. 1930 నాటి సరుకు అమ్మకాల చట్టం ప్రకారం, డబ్బు రాకపోతే సరుకు ఆపుకునే హక్కు నాదే, సరుకు నా దగ్గర ఉన్నంతసేపు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టంలో ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో కట్టాలి, దాటితే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. తీరా ఆడిటరు చెప్పింది, అది తయారుచేసేవాళ్ళకి, సేవలు చేసేవాళ్ళకి. 2021లో మా వ్యాపారులకీ ఉద్యమ్ అనే చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్ ఇచ్చారుగానీ, బ్యాంకు రుణాల వరకే. జీఎస్టీ ఇంకో వినోదం. ఆయన నాకు కట్టినా కట్టకపోయినా వచ్చే నెల 20కల్లా ఆ 18 శాతం నేను కట్టాలి. నేను కట్టిన పన్నుని తన పన్నులో తగ్గించుకునే క్రెడిట్ ఆయన తీసుకుంటారు. 180 రోజుల్లో నాకు కట్టకపోతే ఆ క్రెడిట్ వెనక్కివ్వాలని రూలుంది, నిజమే. ఆ వెనక్కిచ్చేది కూడా సర్కారుకే, నాకు కాదు. కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చుకున్నా, దాన్ని అమలు చెయ్యమని మళ్ళీ ఈపీ అనే ఇంకో పిటిషను వేసుకోవాలి. ఇంత జరిగినా తమరి అద్దం మీద బొట్టు చెదరదు.

అమెరికాలో మా అల్లుడుండేది కాలిఫోర్నియా. అక్కడ తమరి బంధువులకి ఒక బోర్డు ఉందట, 1929 నుంచీ. కాంట్రాక్టరు చేతిలో డబ్బుండి, లేదా ఆ పని తాలూకు సొమ్ము ముట్టి కూడా, కావాలని సరుకువాడికి ఎగ్గొడితే లైసెన్సు మీదే చర్య. సెక్షన్ 7120 అట. చూశారా ఆ మెలిక? నిజంగా బిల్లు రానివాణ్ణి ఏమీ అనదు. వచ్చింది మింగినవాణ్ణే పట్టుకుంటుంది. కోర్టు తీర్పు బాకీ తీర్చకపోయినా లైసెన్సు సస్పెండు. పైగా ముందే 25,000 డాలర్ల పూచీకత్తు బాండు. ప్రైవేటు కట్టడమైతే సరుకిచ్చినవాడు గడువులోపల నోటీసులిచ్చి ఆ స్థలం మీదే హక్కు రాయించుకోవచ్చు. ఇదంతా విని మా ఆవిడ, "అయితే అల్లుణ్ణే అక్కడ ఐరన్ కొట్టు పెట్టమనండి" అంది.

అంతదూరం ఎందుకు, మన 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టమే కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలంది, 2025లో దాని స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌దీ అదే మాట. తాపీమేస్త్రికి ఉన్న ఆ ఆసరా తాపీ కింద సిమెంటుకి లేదు.

కాబట్టి తమరిని రద్దు చెయ్యమని నేను అడగను, తమరు పోతే నా డబ్బూ పోతుంది. అడిగేదల్లా ఒక్క గడి. రెన్యువల్ కాగితంలో, సాల్వెన్సీ పక్కన, "సరుకిచ్చినవాళ్ళ బాకీలు, వాళ్ళ సంతకాలతో". ఏ బిల్లు ఏ రోజు ముట్టిందో సర్కారు కంప్యూటరుకి తెలుసు. ముట్టిన తరవాత కూడా ఆ గడిలో బాకీ తీరిందన్న మా సంతకం లేకుంటే తమరిని గోడ దించి, కట్టేదాకా బీరువాలో పెట్టండి. టెండరు వెయ్యలేని మొదటి వారంలోనే కంకర మిల్లు పెద్దాయనకి కూడా చెక్కు వస్తుంది. తారీఖు వేసి మరీ.

ఇట్లు,
తమరి కింద సోఫాలో ఎడమ చివర కూర్చునేవాడు

తా.క.: కొత్త పని తగిలిందట. నిన్న తమరి యజమాని ఫోన్ చేసి 16 ఎంఎం రేటు అడిగారు, పాత లెక్క దీన్లో కలిపేద్దామన్నారు. రేటు చెప్పాను. క్యాష్ రేటు.