మూసీ మ్యాపులో మధ్య రంగు ఎవరిది?

మూసీ వంతెన మీద ముక్కు మూసుకుని పోయేవాళ్లకు కాలుష్యం ఉందని చెప్పడానికి నది పొడవునా రంగులేసిన మ్యాపు అక్కర్లేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన ఏరు హైదరాబాద్ మురుగునంతా మోసుకుంటూ వాడపల్లి దగ్గర కృష్ణలో కలవడం పాత కథే. స్నానానికి పనికొచ్చే నది నీటిలో బీఓడీ (మురుగును సూక్ష్మజీవులు కుళ్లబెట్టడానికి పట్టే ఆక్సిజన్; ఇది పెరిగితే మురుగు పెరిగినట్టే) లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. 30 దాటిన నదులను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మొదటి ప్రాధాన్యంలో పెడుతుంది. మూసీ అందులోనే ఉంది.

మ్యాపు చెప్పాల్సింది ఒక్కటే: ఈ మురుగు ఎక్కడ కలుస్తోంది? సరిగ్గా అదే చెప్పదు.

శాంపిల్ తీసేది కొన్ని చోట్లే, రంగు పడేది నది పొడవునా. మధ్యలోది సాఫ్ట్‌వేర్ అంచనా. దగ్గరి పాయింటు మాట ఎక్కువ, దూరపు పాయింటు మాట తక్కువ చెల్లుతుందన్నది ఐడీడబ్ల్యూ (ఇన్వర్స్ డిస్టెన్స్ వెయిటింగ్) అనే ఆ అంచనా లెక్క. వాన లెక్కకు సరిపోతుందేమో గానీ, నీళ్లు గట్టెక్కి అడ్డంగా నడవవు కదా! రెండు పాయింట్ల మధ్య ఒక నాలా వచ్చి పడితే బీఓడీ అక్కడే ఒక్కసారిగా ఎగబాకుతుంది. మ్యాపులో మాత్రం పసుపు మెల్లగా నారింజలోకి జారుతుంది. నాలా మాయం, దానిలోకి వదిలినవాడూ మాయం.

ఇంకో తిరకాసు. నగరం దాటాక కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) వెనక నీళ్లు నిలిచి, మడ్డి అడుగుకు దిగి, బీఓడీ తగ్గుతుంది. కానీ పొలాల్లోంచి తిరిగొచ్చే నీటితో ఉప్పు శాతం పెరుగుతుంది. బీఓడీకి రంగేస్తే నల్గొండ వైపు ఆకుపచ్చగా కనిపిస్తుంది, ఉప్పుకేస్తే ఎర్రబడుతుంది. ఏ మ్యాపు చూపించాలో వరి వేసే రైతును అడిగినవాళ్లు లేరు.

అసలు లేనిదానికన్నా ఏదో ఒక మ్యాపు నయమనీ, ఎర్ర రంగు చూస్తేనే ఫైలు కదులుతుందనీ అంటారు. కదులుతుంది, నిజమే. తీరా చూస్తే ఎక్కడికి? తీరం పొడవునా సుందరీకరణకు. ఎరుపు నది మీద ఉంది కాబట్టి ఖర్చూ నది మీదే. నాలా మూతి దగ్గర చుక్క పెట్టి ఉంటే ఖర్చు దాని ఎగువకు పోయేది.

నన్నడిగితే ఇది నది ఒక్కదాని జబ్బు కాదు. మన ప్రభుత్వాలకు మ్యాపంటే గోడకు తగిలించే బొమ్మ. పొలం గట్టు మీద తగాదా వస్తే రైతు టిపన్ (పొలం కొలతల పాత రికార్డు) తీయించి, గొలుసు వేయించి, అధికారి ఎదుటే కొలిపిస్తాడు. నీటి విషయంలో కేంద్ర మండలి ఏటా ఇచ్చే పీడీఎఫ్‌లో శాంపిల్ తీసే ఒక్కో స్టేషన్‌కు కనిపించేది కనిష్ఠం, గరిష్ఠం. శాంపిల్ పగలు తీశారా, ట్యాంకర్లు నాలాల్లో పోసి పోతాయని ఊళ్లవాళ్లు మొత్తుకునే ఆ రాత్రివేళ తీశారా? శాంపిల్ తీసిన చోటికి ఎగువన ఎన్ని గజాల దూరంలో నాలా ఉంది? ఆ రెండు గడులు ఆ పట్టికలో లేవు. ముందు అవి చేర్చండి, రంగుల సంగతి తర్వాత చూద్దాం.