ఫ్లెక్సీలో ముత్యాలు

మా వీధి మొదట్లో ఓ ఫ్లెక్సీ వెలిసింది. బుజ్జిబాబుగారి మూడో పుట్టినరోజు. పది అడుగుల మొహం, నోటినిండా ముత్యాలు. దాని కిందే అసలు బుజ్జిబాబు, నోట్లో పాలసీసాతో. నవ్వు నాన్నా అంటే సీసా తీసి నవ్వాడు. పైవరసలో ముందు నాలుగు పళ్ళూ తగలబెట్టిన చేలో కొయ్యకాళ్ళలా ఉన్నాయి.

"ఫ్లెక్సీవాడే దిద్దేశాడండీ, కంప్యూటర్లో," అన్నాడు తండ్రి గర్వంగా.

దంతవైద్యం ఇంత ముదిరిందని నాకు తెలీదు. మత్తక్కర్లేదు, కుర్చీ ఎక్కక్కర్లేదు, క్షణంలో కొత్త పళ్ళు. నమలడమొక్కటే కుదరదు.

"మరి అసలు నోటి సంగతేంటండీ?"

"పాలపళ్ళేగా, ఊడిపోయేవే!"

నిజమే. ముందువి ఆరేడేళ్ళకి ఊడతాయి, దవడవి పది పన్నెండేళ్ళకి. అందాకా అన్నం మింగుతాడు, ఏం పోయింది?

పురుగు పట్టిందని నానమ్మగారు తేల్చేశారు. ఆ పురుగుని మేపుతున్నదెవరని మాత్రం ఎవరూ అడగరు. పాలల్లో రెండు చెంచాల పంచదార, పాలపీకకి తేనె, తెల్లార్లూ నోట్లో సీసా! నిద్రలో లాలాజలం తగ్గుతుంది, తీపి పాలు పైపళ్ళ చుట్టూ నిలవుంటాయి, సూక్ష్మజీవులు ఆ తీపిని ఆమ్లం చేస్తాయి, ఆ ఆమ్లం పంటిని తినేస్తుంది. కిందిపళ్ళు నాలుక చాటున బతికిపోయాయి. ఇంట్లో తెలివైనవి అవొక్కటే. ఏడాది కిందట చిగురు పక్కన సున్నపు గీతలా తెల్లమచ్చ (పుచ్చుకి తొలిగుర్తు అదే) కనిపిస్తే పాలు అంటుకున్నాయని తుడిచేశారట. బ్రష్షా? ఉమ్మడం రాదుగా! బియ్యపుగింజంత పేస్టుకి ఉమ్మడం రాకపోయినా ఫర్వాలేదని చెబితే, నన్ను పేస్టు కంపెనీ ఏజెంటులా చూశారు.

1992లో ప్రభుత్వం పాలసీసాలకి ప్రకటనలివ్వకూడదని చట్టం చేసింది. ప్రకటన అవసరమే లేని సరుకని పాపం ఢిల్లీకి తెలీదు.

ఫ్లెక్సీకి డబ్బులున్నాయి, మూడంతస్తుల కేకుకి డబ్బులున్నాయి. పళ్ళ డాక్టరు మాటెత్తితే మాత్రం, ఊడేవాటికి తగలేస్తామా అంటారు. చీము వేరులోకి దిగితే లోపల తయారవుతున్న అసలు పన్నూ పాడవచ్చయ్యా! మూడేళ్ళవాడికి నొప్పెక్కడో చెప్పడం రాదు. మీకు చూడ్డానికేం రోగం?

రాత్రి పన్నెండింటికి గోడవతల వాడు వెక్కివెక్కి ఏడుస్తాడు. ఎవరో లేస్తారు. ఫ్రిజ్ తలుపు చప్పుడు. గ్లాసులో చెంచా గలగల. కాసేపటికి ఏడుపు ఆగిపోతుంది.